దూదమ్మ క్షేమం

తెనాలి,
12-12-67.

డాక్టరు గారికి,

వందనములు. నేను మీకు గుర్తుండకపోవచ్చు. పోయిన నెల మీరు తెనాలిలో ఉండగా పశువుల ఆసుపత్రికి తెల్ల కుందేలును బుట్టలో పెట్టుకుని వచ్చిన మిషను బడి టీచర్ని. వరసలో నా ముందు ఏడు గేదెలు, వెనక ఒక ఎద్దు. మీ కాంపౌండరు "అమ్మా, ఇది కూరకా, వైద్యానికా?" అని నవ్వాడు. మీరు నవ్వలేదు. గేదెల అరుపులకి అది వణికిపోతుంటే తీసి మీ కోటు లోపల పెట్టుకుని, దాన్ని అలా పట్టుకునే ఆ ఎద్దు కాలు కూడా చూశారు. ఇప్పుడు గుర్తొచ్చే ఉంటుంది.

మూత్రం ఎర్రగా పోస్తోందని తెస్తే అది రక్తమన్నారు. గేదెలకి వచ్చే ఎర్రమూత్రం లాంటిదే దీనికీ వచ్చిందని, రెండు మూడు నెలలకి మించి ఆశ పెట్టుకోవద్దని చెప్పారు. పచ్చి ఆకు ముట్టనివ్వకూడదు, ఎండుగడ్డి, కాచి చల్లార్చిన నీళ్ళు, మీరిచ్చిన పొడి, అంతే అన్నారు. తరవాతి వారం మందు కోసం వస్తే మీకు రేపల్లె బదిలీ అయిందని చెప్పారు. కొత్తగా వచ్చినాయన కుందేళ్ళను చూడరట.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. నందివెలుగు నుంచి ఎండుగడ్డి తెప్పిస్తున్నాను. సాయంత్రం ఒక అరగంట దడి పక్కన వదులుతాను, తప్పేమో తెలియదు. ఎరుపు మాత్రం తగ్గలేదు. దాని పేరు దూదమ్మ. మా దొరసానమ్మ గారు ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టారు. బడి వెనక ఒంటిగది నాది. తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. నేను కొత్తిమీర కట్ట విప్పుతుంటే ఊచల్లోంచి ముక్కు బయటపెట్టి చూస్తుంది. ఒక్క రెమ్మ పెట్టవచ్చునా? ఈ సంగతి అడగడానికే ఈ ఉత్తరం.

ఇట్లు,
రూతు.


రేపల్లె,
16-12-67.
(పోస్టుకార్డు)

రూతు టీచరు గారికి నమస్కారాలు. గుర్తున్నారు. ఆ రోజు కోటు లోపలి జేబులో పెట్టుకున్న మందుల చీటీని మీ కుందేలు సగం తినేసింది, కాబట్టి మరిచిపోయే అవకాశం లేదు. రెమ్మ కూడా వద్దు. తిరగనివ్వండి, ఫరవాలేదు. బోనులో అద్దుడు కాగితం పరిచి, మూత్రం పడ్డాక నీడన ఆరబెట్టి కవరులో పంపండి. రంగు చూడందే ఏమీ చెప్పలేను.

జనార్దనరావు,
పశువైద్యుడు.


తెనాలి,
4-1-68.

డాక్టరు గారికి,

వందనములు. మీకు పుణ్యం ఉంటుంది, ఇంకెప్పుడూ నాకు కార్డు రాయకండి. బడికి వచ్చే ఉత్తరాలన్నీ మా హెడ్మిస్ట్రెస్ సుగుణమ్మ గారి చేతిమీదుగానే వస్తాయి. కవరైతే విప్పరు గాని, కార్డు మీద రాసింది లోకం సొత్తని ఆవిడ నమ్మకం. నలుగురు టీచర్లు కూర్చుని ఉండగా "రూతూ, నిన్ను మూత్రం పంపమని ఎవరో జనార్దనరావు గారు రాశారే!" అంటూ ఇచ్చారు. రెండు రోజులు నేను స్టాఫు గదికి వెళ్ళలేదు.

మా ఆయా ఏసమ్మ ఒక్కతే నా పక్షం. "టీచరమ్మా, ఆరికేం తెలుసు, జబ్బు పిల్లకాడ సిగ్గేంటి?" అంది.

కాగితం ఇందులో పెట్టాను. ఆరాక దాని మీద తెల్లటి పొడి తేలింది. అదేం రోగమో. చెప్పగలరు.

రూతు.


రేపల్లె,
20-1-68.

రూతు టీచరు గారికి,

నమస్కారాలు. కార్డు సంగతికి క్షమించాలి. రోజంతా పశువులతో మాట్లాడేవాడికి మనుషుల మర్యాద అంత తొందరగా తోచదు. ఇకనుంచి కవరే.

తెల్లటి పొడికి కంగారు పడకండి. కుందేలు మూత్రంలో సున్నం ఉంటుంది. ఆరితే కాగితం మీద మిగులుతుంది, గోటితో గీకితే రాలుతుంది. అది వాటి నైజం. ఎరుపు సంగతే నాకు దిగులుగా ఉంది. పొడి మార్చి రాశాను, మీ ఊళ్ళోనే దొరుకుతుంది.

ఆ రోజు మీ ముఖం చూడకుండా "ఆశ పెట్టుకోవద్దు" అనేశాను. అది మోటుతనమని మీకు అనిపించి ఉంటుంది. నా భార్య పోయి ఆరేళ్ళు. గుంటూరులో చూసిన డాక్టర్లందరూ చివరి రోజు వరకూ తగ్గిపోతుందనే చెప్పారు. నేనూ డాక్టర్నే కదా, నేనూ నమ్మాను. అప్పటినుంచి ఎవరికీ ఆశ చెప్పను. గేదె యజమానికైనా సరే.

ఇక్కడ అమ్మా నేనూ ఉంటాం. అమ్మకి చదువు రాదు. మీ కవరు చూసి "ఎవరి ఉత్తరంరా?" అంటే కుందేలుదన్నాను. అప్పటినుంచి అన్నం పెడుతూ "కుందేలు ఎట్టా ఉందిరా?" అని అడుగుతోంది. కనక త్వరగా రాయండి.

జనార్దనరావు.


తెనాలి,
18-2-68.

జనార్దనరావు గారికి,

వందనములు. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చనిపోయినవాళ్ళ గురించి ఏం రాయాలో నాకు చేతకాదు. మా అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు, బాపట్లలో ఉండే మా అన్నయ్య బర్నబాస్ పెంచాడు. అందుకని ఊరికే చదువుకున్నాను.

దూదమ్మ చిక్కిపోతోంది. ఎత్తుకుంటే వెన్నెముక చేతికి తగులుతోంది. నిన్న మూడో తరగతి పిల్ల ఎవరో తోటకూర కాడ ఊచల్లోంచి లోపలికి తోసింది. అది అందుకునే లోపల నేను లాగేశాను. అప్పుడది నన్ను చూసిన చూపు నేను మీకు రాయలేను. ఎరుపు ఇంకా ఉంది, కాగితం పంపుతున్నాను.

ఒక్క మాట. మీరు ఆశ చెప్పకపోతే పోనీండి. అబద్ధం మాత్రం చెప్పకండి. అది బతకదంటే బతకదని రాయండి, ఏడ్చి ఊరుకుంటాను. రెండు మూడు నెలలన్నారు, మూడూ అయిపోయాయి. పొద్దున లేవగానే బోను వైపు చూడటానికి భయం. మీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం అంత భయం ఉండదు. ఎందుకో అడక్కండి.

రూతు.


రేపల్లె,
3-3-68.

రూతు గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం అందిన పూటే దూదమ్మకి కొత్తిమీర, తోటకూర, చిక్కుడాకు, ఏది ఇష్టమైతే అది, ఎంత తింటే అంత పెట్టండి. పొడి ఆపేయండి. ఎండుగడ్డి చాలించండి.

మొన్న వద్దని, ఇవాళ పెట్టమంటే వింతగా ఉండొచ్చు. జబ్బు ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు. ఇప్పుడు దానికి బలం కావాలి. అయితే పూర్తిగా నయమైందనుకోకూడదు. పదిహేను రోజులకొకసారి ఎలా ఉందో రాస్తూనే ఉండాలి. ఎప్పుడైనా రంగు కనిపిస్తే కాగితం పంపాలి. ఇది చాలా అవసరం.

జనార్దనరావు.


తెనాలి,
25-8-68.

జనార్దనరావు గారికి,

వందనాలు. మీరు పోతుందన్న కుందేలు ఈ పొద్దున నా చీర అంచు కొరికి, గోధుమరంగు చెప్పు ఒకటి కొరికి, సుగుణమ్మ గారు ఎంతో ముద్దుగా పెంచుకుంటున్న బంతిమొక్క మొదలంటా తినేసింది. మీరు పెట్టిన గడువు దాటి ఆరు నెలలు. ఇంతకన్నా మంచి తప్పు ఏ డాక్టరూ చేసి ఉండడు. మునుపటి ఒళ్ళు ఇంకా రాలేదు గాని, కళ్ళలో వెలుగు వచ్చింది.

ఎండాకాలం నుంచి ఎరుపు లేదు. ఒకరోజు కొంచెం అనుమానంగా ఉంటే ఈ కాగితం పంపుతున్నాను. మీకు ఏమీ కనిపించకపోవచ్చు. అయినా చూడండి.

రేపల్లె బండి మా బడి వెనకనుంచే వెళ్తుంది. మూడో పీరియడులో కూత వినపడుతుంది. పిల్లలు పన్నెండో ఎక్కం చెబుతూ ఉంటే నేను ఎక్కడో ఉంటాను. మొన్న ఒక పిల్ల పన్నెండు తొమ్ములు నూటపదహారు అంటే "బాగుంది, కూర్చో" అన్నానట. గంటన్నర ప్రయాణం. దాన్ని బుట్టలో పెట్టుకుని ఒక ఆదివారం తీసుకొచ్చి చూపించమంటారా? వద్దు లెండి. ప్రయాణం దానికి పడదు. ఊరంతా చూస్తుంది కూడా.

రూతు.


రేపల్లె,
10-9-68.

రూతు గారికి,

నమస్కారాలు. కాగితం చూశాను. ఏమీ కనిపించలేదు. అయినా మళ్ళీ పంపండి.

నేనొక సంగతి దాచలేను. జులైలో మీటింగని తెనాలి వచ్చాను. మధ్యాహ్నానికే ముగిసింది. సాయంత్రం బండికి ఇంకా మూడు గంటలుంది. మీ బడి గేటు దాకా వచ్చాను. ఎవరైనా అడిగితే కుందేలును చూడటానికి వచ్చానని చెప్పొచ్చని దారిపొడుగునా అనుకున్నాను. లోపల పిల్లల చేత ఏదో కీర్తన పాడిస్తున్నారు. ముందు పాడే గొంతు మీదే అనిపించింది. అది అయిపోయేవరకూ గేటు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి స్టేషనుకి వెళ్ళిపోయాను. కుందేలు కోసం అని చెబితే అబద్ధమయ్యేది. నిజం చెప్పే ధైర్యం లేదు.

మీకు కోపం వస్తే ఈ ఉత్తరం చించేయండి. వచ్చే పదిహేనో రోజుకి మాత్రం కుందేలు సంగతి రాయండి.

జనార్దనరావు.


బాపట్ల,
2-6-69.

జనార్దనరావు గారికి,

వందనాలు. మీరూ, అమ్మగారూ ఎలా ఉన్నారు? ముందు ఆ సంగతి రాయండి. వేసవి సెలవలకి దూదమ్మను తీసుకుని అన్నయ్య ఇంటికి వచ్చాను. ఆ గాలివానలో ఇక్కడే చిక్కుకుపోయాం. పేపరులో రేపల్లె వైపు పశువులు కొట్టుకుపోయాయని, మనుషులు కూడా పోయారని చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. మీరు పశువుల వెంట ఏ లంకలోకి వెళ్ళి ఉంటారోనని. ఇదివరకు రెండు ఉత్తరాలు రాశాను, బళ్ళు లేక అందాయో లేదో. పోస్టాఫీసుకి రోజూ వెళ్తుంటే వదిన వింతగా చూస్తోంది.

ఇక్కడ పెంకులు లేచిపోయాయి. అందరం బాగున్నాం. దూదమ్మ క్షేమం.

రూతు.


రేపల్లె,
15-6-69.

రూతుగారికి,

నమస్కారాలు. మూడు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఇల్లు నిలిచింది.

ఈ నెల రోజులూ నేను చేసిన వైద్యం ఏమీ లేదు. గోతులు తవ్వించడమే. పడవ మీద వెళ్ళడం, ఉబ్బిపోయిన పశువుల్ని లెక్క రాయడం, పూడ్పించడం. ఒక లంకలో ఒకాయన తన గేదె మెడలో గంట విప్పి చేత్తో పట్టుకుని నా వెంట ఊరంతా తిరిగాడు. ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ వాసన పోవడం లేదు.

"దూదమ్మ క్షేమం" అన్న రెండు మాటలూ ఎన్నిసార్లు చదివానో. ఎక్కడో ఒక్కటి బతికి ఉందనే కబురు కావలసివచ్చింది నాకు. అమ్మకి చదివి వినిపిస్తే దేవుడికి దణ్ణం పెట్టింది. మీరు పోస్టాఫీసుకి రోజూ వెళ్ళారని చదివి నేను ఏమయ్యానో రాయను.

జనార్దనరావు.


తెనాలి,
9-11-69.

జనార్దనరావు గారికి,

వందనాలు. దూదమ్మకి మళ్ళీ ఎరుపు కనిపించింది. కాగితం ఇందులో ఉంది. మీరు చూసి మందు రాస్తే వాడతాను. తిండి బాగానే తింటోంది.

అన్నయ్య నాకొక సంబంధం చూశాడు. ఆయన మా చర్చి సంఘం ఆఫీసులో గుమాస్తా. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. మంచివారట. "ముప్పై మూడేళ్ళొచ్చాయి, ఇంకెన్నాళ్ళు ఆ ఒంటిగదిలో ఉంటావు?" అంటాడు అన్నయ్య. తప్పేముంది అనడంలో? క్రిస్మసు లోపల మాట చెప్పమన్నాడు. ఈ సంగతి మీకెందుకు రాస్తున్నానో తెలియదు. కుందేలు గురించి రాసే ఉత్తరంలో ఖాళీ మిగిలింది, రాశాను.

రూతు.


రేపల్లె,
23-11-69.

రూతు గారికి,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. ఏడు కాగితాలు పాడయ్యాయి. క్రిస్మసు లోపల మీరు మాట చెప్పాలి కాబట్టి, ఆ లోపల నేను నిజం చెప్పాలి.

దూదమ్మకి ఏ జబ్బూ లేదు. ఏనాడూ లేదు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో మీరు పంపిన కాగితం బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. మజ్జిగ తీసుకొచ్చిన అమ్మ "ఏంట్రా, ఈ వయసులో బచ్చలిపళ్ళతో ఆడుకుంటున్నావు?" అంది. రక్తమమ్మా అన్నాను. "రక్తమైతే ఎండి నల్లబడదూ? చిన్నప్పుడు మేం పెదాలకి పూసుకోలా? బచ్చలిపండు రంగు నాకు తెలీదా!" అంది. ఆ పూటే పరీక్ష చేశాను. ఒక్క బొట్టు రక్తం లేదు. మీ దడి మీద బచ్చలి తీగ ఉండి ఉంటుంది. సాయంత్రం వదిలినప్పుడు రాలిన పళ్ళు తిని ఉంటుంది. అందుకే చలికాలంలో ఎరుపు, ఎండాకాలంలో లేదు. ఎర్ర మూత్రం కనిపిస్తే రోగమేనని గేదెల వైద్యం నాకు నేర్పింది. కుందేలును గేదెను చూసినట్టే చూశాను. ముందు పరీక్ష చేసి తరవాత చెప్పవలసినవాణ్ణి, ముందు చెప్పేశాను.

ఆకులు పెట్టమని వెంటనే రాశాను. తప్పు నాదని మాత్రం రాయలేదు. రాస్తే ఇంకెందుకు రాస్తారు మీరు నాకు? పదిహేను రోజులకొకసారి వచ్చే ఆ కవరు కోసం ఒక డాక్టరు చేయకూడని పని చేశాను. అబద్ధం చెప్పవద్దని మీరు ప్రత్యేకంగా రాసిన తరవాత చేశాను.

రెండో సంగతి. ఈసారి మీరు పంపిన కాగితంలో రంగుంది, సున్నం లేదు. గోటితో గీకి చూశాను. అది నేరుగా పండు పిండిన రంగు. దూదమ్మ ఉంటే మీరు పండు పిండవలసిన పని లేదు. అంటే అది లేదు. ఎప్పటినుంచి లేదో తెలియదు. బాపట్లనుంచి వచ్చిన ఉత్తరంలో దాని గురించి రెండే మాటలున్నాయని ఇప్పుడు గుర్తొస్తోంది. కుందేలు లేకపోయినా మీరు రాస్తున్నారు, రూతు గారూ. మీరు నాకు కావాలి. మతం, ఊరు, మీ అన్నయ్య, మా అమ్మ, అన్నీ తెలిసే రాస్తున్నాను.

జనార్దనరావు.


తెనాలి,
1-12-69.

మీ ఉత్తరం అందింది. నవంబరు మధ్యనుంచి మార్చి మొదటి వారం దాకా, మూడున్నర నెలలు. పచ్చి ఆకు కోసం అది ముక్కు బయటపెట్టి చూస్తే నేను మొహం తిప్పుకున్నాను. మీ మాట మీద. ఇక రాయకండి.

రూతు.


రేపల్లె,
20-2-70.

రూతు గారికి,

రాయవద్దన్నారు. ఇదొక్కటి రాసి మానేస్తాను. మీరు ఆ సంబంధానికి సరేనన్నారో లేదో అడగడానికి కాదు.

ఇప్పుడు ఏ పశువు వచ్చినా, "ఏం పెట్టావు, ఎక్కడ మేసింది?" అని ముందు అడుగుతున్నాను. కాంపౌండరు విసుక్కుంటున్నాడు. మూడు నెలల్లో రెండు గేదెలు అలా అడగడం వల్లే బతికాయి. అది చెబితే మీ దూదమ్మ తిరిగి రాదని నాకు తెలుసు.

అమ్మకి అంతా చెప్పాను. మూడు రోజులు అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మీరు ఎవరు, ఏమిటి అని ఒక్కటీ అడగలేదు. నాలుగో రోజు బచ్చలి పప్పు వడ్డిస్తూ, "ఆ కుందేలు కూడా పోయాక పాపం ఆ పిల్ల ఒక్కతే ఉంటోందా?" అంది. తరవాత ఇంకో గరిటె వేసింది. అంతే.

మూడో పీరియడులో వెళ్ళే ఆ బండి ఇక్కడికి వచ్చేసరికి నేను ఆసుపత్రి అరుగు మీద ఉంటాను. అది ఆగేదాకా నాకు పని సాగదు. ఇక రాయను.

జనార్దనరావు.


బాపట్ల,
17-5-70.

జనార్దనరావు గారికి,

నమస్కారాలు. ఇవాళ్టికి దూదమ్మ పోయి ఏడాది. అన్నయ్య పెరట్లో నిమ్మచెట్టు దగ్గర పూడ్చాం. అక్కడ కూర్చునే రాస్తున్నాను.

గాలివాన రెండో రోజున పెంకులు లేచి నీళ్ళన్నీ బుట్ట మీద పడ్డాయి. తీసి చీరలో చుట్టి గుండెకి హత్తుకున్నాను. మీరు కోటులో పెట్టుకున్నట్టు. మధ్యాహ్నానికి వణుకు ఆగింది. తగ్గిందనుకున్నాను. మూడున్నర నెలలు ఎండుగడ్డి తిని పోగొట్టుకున్న ఒళ్ళు మళ్ళీ రాకపోబట్టే తట్టుకోలేకపోయిందేమో. కాదేమో, ఆ వానకి గొడ్లే పోయాయి. ఇది మిమ్మల్ని అడగను. మీరు కాదన్నా నమ్మను, అవునన్నా భరించలేను.

మీ మీద నాకు వచ్చిన కోపం నిజమే. కాని అందులో సగం మీది కాదు. ఆ సగం చెప్పకుండా ఉంటే, మీరు నిజం చెప్పి దోషి అయ్యారు, నేను దాచుకుని మంచిదాన్నయ్యాను. ఆరు నెలలుగా అది నన్ను తినేస్తోంది.

మీకు మొదటి ఉత్తరం రాసిన వారమే ఏసమ్మ చెప్పింది. "టీచరమ్మా, రగతమూ కాదు పాడూ కాదు, దడికాడ బచ్చలిపళ్ళు మెక్కుతాంది, నేను సూశా" అంది. నేనేమన్నానో తెలుసా? "డాక్టరు గారికంటే నీకెక్కువ తెలుసా?" అన్నాను. ఆయాతో అలా మాట్లాడేదాన్ని కాదు నేను. ఆ సాయంత్రం దడి దగ్గరికి వెళ్ళి రాలిన పళ్ళు చూశాను కూడా. చూసి లోపలికి వచ్చి, బోనులో అద్దుడు కాగితం పరిచాను. ఎందుకంటే అప్పటికే మీ కార్డు వచ్చింది. అది జబ్బు కాకపోతే మీకు రాయడానికి నాకేముంటుంది?

నేను తెలిసే చేస్తున్నానని అప్పుడు నాకు నేనే ఒప్పుకోలేదు. డాక్టరు గారు చెప్పారు, నేను చేస్తున్నాను అని పట్టుకున్నాను. మీకు తెలిసిన పూటే మీరు ఆకులు పెట్టమన్నారు. నాకు మొదటి వారమే తెలిసింది, మీరు పెట్టమనేదాకా పెట్టలేదు. మన ఉత్తరాల కోసం ఆ మూగజీవి ఆకలితో ఉంది. ఆదివారాలు ప్రార్థనలో నేను ఇదే చెప్పుకుంటున్నాను. క్షమాపణ దొరికిందో లేదో తెలియదు.

కాగితం మీద రంగు పూసింది నేనే. సున్నం సంగతి మరిచిపోయాను. రోజూ సుద్దముక్క పట్టుకునేదాన్ని, రవంత పొడి చల్లడం తోచలేదు చూడండి!

ఆ సంబంధానికి ఒప్పుకోలేదు. అన్నయ్య నాతో ముభావంగా ఉన్నాడు. నిన్న మాత్రం ఈ నిమ్మచెట్టు దగ్గరికి వచ్చి నిలబడి, "ఆ రేపల్లె డాక్టరేనా?" అన్నాడు. అవునన్నాను. "మన సంఘంలో నేను తల ఎలా ఎత్తుకోవాలి?" అన్నాడు. చెంబుతో చెట్టుకి నీళ్ళు పోసి లోపలికి వెళ్ళిపోయాడు.

మీరు లేని ఈ ఆరు నెలలూ ఎలా గడిచాయో చెప్పాలంటే, ఆ బండి కూత వినపడినప్పుడల్లా కిటికీ మూయించాను. పిల్లలకి ఉక్కపోసింది. మళ్ళీ నేనే తెరిపించాను. మీరు కావాలి నాకు. ఈ మాట రాయడానికి ఇక ఏ కుందేలూ లేదు, ఇలాగే రాయాలి.

జూన్ పదిహేనున బడి తెరుస్తారు. నేను తెనాలిలో ఉంటాను. ఇంకా నా మీద మీకు అదే మనసుంటే రాయండి. కవరులో కాదు. దొంగచాటుగా రాసుకునే ఉత్తరాలకి ఒక ప్రాణం ఖర్చయింది, చాలు. కార్డు మీద రాయండి.

రూతు.


రేపల్లె,
15-6-70.
(పోస్టుకార్డు)

రూతుకి వందనాలు. ముందుగా ఈ కార్డు చదువుతున్న సుగుణమ్మ గారికి నమస్కారాలు. అమ్మా, రెండున్నరేళ్ళ కిందట మీ టీచరుగారి కుందేలుకి తప్పుడు వైద్యం చేసిన డాక్టర్ని నేనే. ఆవిడను పెళ్ళి చేసుకోవాలని నా కోరిక. పెద్దవారు, మీకూ తెలియాలి. రూతూ, వచ్చే ఆదివారం మీ ప్రార్థన ముగిసే వేళకి బండి దిగుతాను. అక్కడినుంచి ఇద్దరం బాపట్ల వెళ్ళి మీ అన్నయ్యను అడుగుదాం. తిట్టినా కూర్చుంటాను. మీ దడి మీది బచ్చలి తీగ ముక్క ఒకటి తెమ్మంది అమ్మ. ఈసారి గేటు దగ్గర ఆగను. ఎవరికోసం వచ్చావని ఎవరైనా అడిగితే, కుందేలు కోసమని చెప్పను.

జనార్దనరావు.